మాటకు ముందు వినపడే ఊపిరి

పది నిమిషాల కథ ఒకటి చదివి రికార్డు చేశారనుకుందాం. చదివే మనిషి నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటే, ఒక్కోదానికి అర సెకను పడితే, మొత్తం 150 ఊపిర్లు, 75 సెకన్లు. ఎడిటింగ్‌లో కొత్తగా దిగినవాళ్లు ముందుగా చేసే పని ఈ 75 సెకన్లనూ ఏరి కోసేయడం. వేవ్‌ఫామ్‌లో, అంటే శబ్దాన్ని గీతగా చూపే బొమ్మలో, మాటల గుట్టల మధ్య ఊపిర్లు సన్నటి నూగులా కనిపిస్తాయి కాబట్టి ఏరడం తేలికే. కోసి, ఖాళీలు మూసేసి వింటే శబ్దం శుభ్రంగానే ఉంటుంది. మూడో నిమిషం దాటేసరికి మాత్రం వినేవాళ్లకు ఎందుకో తెలియని అలసట వస్తుంది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుంటే వచ్చే అలసటే అది.

సరే, ఖాళీలు మూయకుండా ఊపిరి ఉన్నంత మేరా నిశ్శబ్దం పెడితే? అలసట తగ్గుతుంది, కొత్త ఇబ్బంది మొదలవుతుంది. ప్రతి వాక్యం ఏ సూచనా లేకుండా చీకట్లోంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఊపిరి చప్పుడు ఇచ్చేదేదో నిశ్శబ్దం ఇవ్వలేకపోతోందని అక్కడ అర్థమవుతుంది. అదేమిటో చూడాలంటే ముందు ఆ చప్పుడు ఎలా పుడుతుందో తెలియాలి.

ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 12 నుంచి 18 సార్లు శ్వాసిస్తాం. ఒక్కోసారి లోపలికి వెళ్లేది అర లీటరు గాలి. ఒక పూర్తి శ్వాసలో దాదాపు 40 శాతం సమయం పీల్చడానికి, మిగతాది వదలడానికి పోతుంది. మాట్లాడటం మొదలుపెట్టగానే ఈ వాటా మారిపోతుంది. మాట బయటికి వచ్చే గాలి మీద నడుస్తుంది కాబట్టి వదలడం సాగుతుంది, పీల్చడం 10 శాతం దగ్గరికి కుదించుకుపోతుంది. మామూలు సంభాషణకు స్వరతంతువుల కింద కావలసిన ఒత్తిడి నిజానికి ఎక్కువేం కాదు. గ్లాసు నీళ్లలో స్ట్రాను 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి బుడగలు ఊదితే ఎంత ఒత్తిడి పడుతుందో అంతే. కాకపోతే దాన్ని వాక్యం పొడవునా నిలకడగా నిలపాలి. అందుకు సరిపడా గాలిని అర సెకనులో లాక్కోవాలి.

ఆ తొందరలోంచే చప్పుడు పుడుతుంది. గాలి వేగంగా ఇరుకు దారిలో దూరినప్పుడు సుడులు తిరుగుతుంది, ఆ సుడులే మనకు వినిపించే రొద. నిద్రలో ముక్కుతో మెల్లగా పీల్చే గాలి పక్కవాళ్లకు వినపడదు. మాటల మధ్య నోరు కొద్దిగా తెరిచి లాక్కునేది వినపడుతుంది. దాని రంగు నోటి ఆకారాన్ని బట్టి మారుతుంది. దవడ దిగి ఉంటే బరువైన ‘హా’ లాగా, పెదవులు దగ్గరపడి ఉంటే సన్నటి ఈలలాగా వస్తుంది. ఇంకో సంగతి, మాట ఆగిన మరుక్షణమే ఊపిరి మొదలవదు. కొన్ని పదుల మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆ తర్వాత ఊపిరి, మళ్లీ చిన్న నిశ్శబ్దం, అప్పుడు మాట. ఈ రెండు సన్నని అంచులూ ఎడిటింగ్‌లో ఎక్కువగా పాడయ్యే చోట్లు. వాటి గురించి తర్వాత చెప్పుకుందాం.

ఈ చప్పుడు వినేవాళ్ల మీద ఏదైనా ప్రభావం చూపుతుందా అన్నది ప్రయోగశాలలో తేల్చుకోవడానికి కృత్రిమ గొంతు బాగా పనికొచ్చింది. మనిషి గొంతులో ఊపిరి తీసేస్తే ఇంకేవో కూడా మారిపోతాయి. యంత్రం గొంతులో అయితే వాక్యాన్ని ముట్టుకోకుండా ముందు ఊపిరి పెట్టొచ్చు, తీసేయొచ్చు. అమెరికాలోని హాస్కిన్స్ లేబొరేటరీస్‌కు చెందిన డగ్లస్ వేలన్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన ప్రయోగం అదే. కృత్రిమ ఇంగ్లిషు వాక్యాలకు ముందు ఊపిరి చప్పుడు చేర్చి వినిపించినప్పుడు, విన్నవాళ్లు ఆ వాక్యాలను మరింత బాగా గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు. ఊపిరిలో మాట లేదు, అర్థం లేదు. అయినా తర్వాత వచ్చిన వాక్యం ఎక్కువగా నిలిచింది. 2021లో జర్మనీలోని సార్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే ప్రశ్నను మళ్లీ ఎత్తుకున్నారు. శ్వాస చప్పుడు కృత్రిమ మాటను గుర్తుంచుకోవడానికి తోడ్పడుతుందనే వాళ్లూ రాశారు.

ఎందుకు తోడ్పడుతుందన్నదానికి రెండు వివరణలున్నాయి. ఒకటి, ఊపిరి వినగానే ‘ఇప్పుడు మాట రాబోతోంది’ అని చెవి సిద్ధమవుతుంది. వాక్యంలో మొదటి రెండు పదాలు జారిపోకుండా ఉంటాయి. రెండోది, యంత్రం గొంతు మనిషి గొంతుకు దగ్గరైనప్పుడు దాన్ని అర్థం చేసుకునే శ్రమ తగ్గి, గుర్తుంచుకోవడానికి మరికాస్త ఓపిక మిగులుతుంది. రెండూ కలిసి పనిచేయకూడదనేం లేదు. రోజూ ఆడియోతో పనిచేసేవాళ్లు మాత్రం మొదటి వివరణ వైపే మొగ్గుతారు, ఎందుకంటే ఊపిరి కోసేసిన రికార్డింగుల్లో వినేవాళ్లు ముందుగా పోగొట్టుకునేవి వాక్యాల మొదటి మాటలే.

ఊపిరి ‘రాబోతోంది’ అని మాత్రమే కాదు, ‘ఇంత రాబోతోంది’ అని కూడా చెబుతుంది. పెద్ద వాక్యం ముందు ఎక్కువసేపు పీల్చే అలవాటు మనుషుల్లో ఉందని, ముఖ్యంగా చూసి చదివేటప్పుడు అది బాగా కనిపిస్తుందని వేలన్, కిన్సెల్లా-షా 1997లో కొలిచి చూపించారు. ఇతర కొలతలూ అదే చెప్పాయి. నోటికొచ్చినట్టు మాట్లాడేటప్పుడు ఈ పొంతన కాస్త వదులవుతుంది, ఎందుకంటే వాక్యం ఎక్కడ ముగుస్తుందో చెప్పేవాళ్లకే ముందు తెలియదు.

శాస్త్రజ్ఞులు ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య పలికే మాటల కట్టకు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకోవలసి వచ్చింది. మనకు ఆ మాట ముందునుంచే ఉంది: గుక్క. ‘ఒక్క గుక్కలో చెప్పేశాడు’ అంటే అది కొలతే. ఊపిరి రకాలకు కూడా తెలుగులో లోటు లేదు. నిట్టూర్చడం, రొప్పడం, ఉసూరుమనడం, బుసకొట్టడం, ఊపిరి బిగబట్టడం, గుక్కపట్టడం. కారం తగిలినప్పుడు ‘స్స్’ అని లోపలికి లాగుతాం. పని తెమిలాక ‘ఉస్స్’ అని బయటికి వదులుతాం. రెంటిలోనూ ఉన్నది దాదాపు ఒకే హల్లు, మారింది గాలి వెళ్లే దిక్కు. చూడకుండా విన్నా ఏది ఏదో ఎవరూ పొరబడరు. ఉత్తర స్వీడన్‌లో ‘అవును’ అనడానికి గాలిని లోపలికి లాగుతూ చిన్న చప్పుడు చేస్తారు. మొదటిసారి విన్న పరాయివాళ్లకు ఎదుటి మనిషి ఉలిక్కిపడ్డాడేమో అనిపిస్తుంది. కాబట్టి ఊపిరి అర్థంలో కొంత శరీరానిదైతే కొంత ఊరిది.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘లేదు’, ‘కాదు’, ‘వద్దు’ లాంటివీ చివరే వస్తాయి. అందాకా వినేవాళ్లు అన్నీ చేతిలో పట్టుకుని వేచి ఉండాలి. ఒక వార్తా వాక్యం తీసుకోండి: ‘మంత్రి నిన్న గుంటూరులో రైతులతో మాట్లాడి, వాళ్ల ఇబ్బందులు విని, పంట నష్టం లెక్కలు వారంలోగా పంపాలని అధికారులను ఆదేశించారు.’ అనుభవమున్న చదువరి మొదట నిండుగా పీలుస్తాడు. ‘మాట్లాడి’ దగ్గర ఆగినా ఆగకపోవచ్చు. ‘విని’ తర్వాత పావు సెకను మించని చిన్న గుక్క తీసుకుంటాడు. ‘విని’ అసమాపక క్రియ, దాని వెనక వినిపించిన ఆ చిన్న ఊపిరి ‘ఇంకా ఉంది’ అనే కబురు. అదే ఊపిరి ‘పంట’కూ ‘నష్టం’కూ మధ్య పడితే రెండు పదాల జంట విడిపోతుంది. వినేవాళ్లు ఒక క్షణం ‘పంట’ను వేరే క్రియకు తగిలించబోయి వెనక్కి వస్తారు. ఆ వెనక్కి వచ్చే క్షణంలో ‘లెక్కలు’, ‘వారంలోగా’ అనే మాటలు గాలికి పోతాయి.

అర్థమే మారే చోట్లూ ఉన్నాయి. ‘నిన్న వచ్చిన అబ్బాయి స్నేహితుడు’ అన్నప్పుడు నిన్న వచ్చిందెవరు? ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అని ఆగి ‘స్నేహితుడు’ అంటే వచ్చినవాడు అబ్బాయి. ‘నిన్న వచ్చిన’ అని ఆగి ‘అబ్బాయి స్నేహితుడు’ అంటే వచ్చినవాడు స్నేహితుడు. ఇక్కడ ఘనత మొత్తం ఊపిరికే కట్టబెట్టకూడదు. ఆగేముందు చివరి అక్షరం సాగడం, స్వరం ఎత్తు మారడం, విరామం పొడవు కూడా ఇదే పని చేస్తాయి. ఇవి ఒక చోట చెబుతుంటే ఊపిరి ఇంకో చోట పడినప్పుడే చిక్కు. వేర్వేరు టేకుల్లోంచి ముక్కలు తెచ్చి అతికినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది.

పద్యం చదివేవాళ్లకు ఇది మరీ గట్టి పరీక్ష. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. మత్తేభంలోనూ 20 అక్షరాలే గానీ యతి 14వ అక్షరం. సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు. తెలుగులో యతి అక్షరాల పొత్తు, అక్కడ ఆగాలని నియమం లేదు. పైగా మన పద్యాల్లో పదాలు పాదం చివర తెగకుండా తర్వాతి పాదంలోకి ప్రవహిస్తాయి. యతి దగ్గరో పాదం చివరో అలవాటుగా ఊపిరి తీసుకునేవాళ్లు పదాన్ని నడుమకు విరుస్తారు. రాగం బాగుంటుంది, భావం అందదు. అర్థం తెగిన చోట ఊపిరి పీల్చేవాళ్ల పద్యం మొదటిసారి విన్నా బోధపడుతుంది.

సంభాషణలో ఊపిరి పని ఇంకా సూక్ష్మం. ‘రేపు మా ఇంటికి భోజనానికి వస్తావా?’ అని అడిగారు. ‘ఆ, వస్తా’ అనేదైతే దాని ముందు ప్రత్యేకంగా పీల్చవలసిన అవసరం లేదు, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి చాలు. బదులుగా అవతలి నుంచి ఒక పీల్పు వినిపించి ‘అంటే... రేపు...’ అని మొదలైందంటే, మిగతాది వినకముందే మనకు అర్థమైపోతుంది. కాదనడానికి కారణాలు చెప్పాలి, కారణాలకు మాటలు కావాలి, మాటలకు గాలి కావాలి. డచ్ సంభాషణలను కొలిచిన టొరేరా, బోగెల్స్, లెవిన్సన్ 2015లో రాసింది ఇదే తీరులో ఉంది. జవాబుకు ముందు ఊపిరి పీల్చడం పొడవైన జవాబుల దగ్గర ఎక్కువగా కనిపించింది, అది ప్రశ్న ముగిసిన కాసేపటికే మొదలవుతోంది. సంభాషణలను అక్షరబద్ధం చేసే పద్ధతికి రూపం ఇచ్చిన గెయిల్ జెఫర్సన్ ఊపిరికి కూడా ఒక గుర్తు పెట్టింది: ముందు చుక్క, పక్కన ఊపిరి ఎంతసేపు సాగితే అన్ని ‘హ’లు. ఊపిరిని కూడా మాటలాగే రాసిపెట్టాలని ఆమె అనుకోవడం చిన్న విషయమేం కాదు.

మాటల వంతులు మారే వేగం చూస్తే దీని విలువ తెలుస్తుంది. ఒకరు ఆపి మరొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సాధారణంగా సెకనులో ఐదో వంతు ఉంటుంది. ఎదుటివాళ్ల మాట అయిపోయిందని తేల్చుకుని, ఆ తర్వాత మన వాక్యం కూర్చుకోవడానికి ఆ వ్యవధి చాలదు. కాబట్టి ముందుగానే ఊహిస్తాం, ఆ ఊహకు పనికొచ్చే ఆధారాల్లో ఎదుటివాళ్ల ఊపిరి ఒకటి. వాళ్లు మళ్లీ పీల్చారంటే ఇంకా అయిపోలేదు. మనం పీల్చామంటే అందుకోబోతున్నాం. ఆన్‌లైన్ మీటింగుల్లో ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి ‘మీరు చెప్పండి’ ‘లేదు లేదు, మీరే’ అనుకోవడానికి ప్రధాన కారణం శబ్దం ఆలస్యంగా చేరడం. దానికి తోడు నేపథ్య రొదను తీసేసే నాయిస్ సప్రెషన్ ఊపిరిని రొద కింద లెక్కగట్టి తుడిచేస్తుంది. పాతకాలపు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న శబ్దాన్నే మోసేది. 4జీ మీద నడిచే వోల్టీ కాల్స్‌లో వాడే విస్తృత కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) 7000 హెర్ట్జ్ దాకా మోస్తుంది. అయినా సాఫ్ట్‌వేరు ముందే తుడిచేస్తే ఆ వెడల్పు ఊపిరికి ఉపయోగపడదు.

అలాగని ఊపిరి ఎంత వినిపిస్తే అంత మంచిదని కాదు. మైకుకు నోరు ఆనించి చేసిన రికార్డింగులో ఊపిరి చెవిలో ఊదినట్టు ఉంటుంది. మాట్లాడే మనిషికి ఆయాసమో, కంగారో ఉందని వినేవాళ్లు అనుకుంటారు. నిజానికి తప్పు మనిషిది కాకపోవచ్చు, గట్టి శబ్దాలను కుదించే కంప్రెసర్‌ది కావచ్చు. లెక్క చూడండి (డిజిటల్ ఆడియోలో గరిష్ఠ స్థాయి సున్నా, మిగతావన్నీ దానికి దిగువ మైనస్‌లో ఉంటాయి). మాట శిఖరం మైనస్ 8 డెసిబెల్స్, ఊపిరి మైనస్ 45. తేడా 37. కంప్రెసర్ థ్రెషోల్డ్ (కుదింపు మొదలయ్యే హద్దు) మైనస్ 20, నిష్పత్తి 3:1 (హద్దు దాటిన ప్రతి 3 డెసిబెల్స్ 1 అవుతాయి) పెట్టారు. మాట థ్రెషోల్డ్‌ను 12 డెసిబెల్స్ దాటింది, అది 4కు కుదిస్తుంది, శిఖరం మైనస్ 16కు దిగుతుంది. పోయిన 8 డెసిబెల్స్‌ను మేకప్ గెయిన్‌తో, అంటే మొత్తం శబ్దాన్ని పెంచే మీటతో, తిరిగి కలిపితే మాట మళ్లీ మైనస్ 8. ఊపిరి మాత్రం థ్రెషోల్డ్ దాకా రానేలేదు, కాబట్టి కుదింపు తగల్లేదు, పెంపు తగిలింది: మైనస్ 37. మాట ఉన్నచోటే ఉంది, ఊపిరి 8 డెసిబెల్స్ పైకి లేచింది.

అందుకే ఊపిర్ల పని కంప్రెసర్‌కు ముందు చేయాలి. మొదటి జాగ్రత్త మైకు దగ్గరే. నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు పెడితే గాలి దెబ్బ సగం తప్పుతుంది. ‘భ’, ‘ఫ’, ‘ధ’ల దగ్గర వచ్చే ‘బుడ్’ శబ్దం కూడా తగ్గుతుంది. చదవడం మొదలెట్టే ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి ఉంచుకోవాలి. తర్వాత ఎడిటింగులో ఊపిర్లను కోయకుండా 6 నుంచి 12 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. ఊపిరికి ముందూ వెనకా ఉన్న సన్నని నిశ్శబ్దపు అంచులను కదల్చకూడదు, తగ్గింపు మొదలయ్యే చోట, ముగిసే చోట 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ (శబ్దం మెల్లగా తగ్గే, పెరిగే వాలు) పెట్టాలి. ఎక్కడైనా ఊపిరిని పూర్తిగా తీయక తప్పకపోతే అంతే పొడవున్న గది నిశ్శబ్దం అక్కడ పరచాలి. ఏ రొదా లేని డిజిటల్ శూన్యం పరిస్తే హెడ్‌ఫోన్స్‌లో గుంటలో కాలు పడ్డట్టు ఉంటుంది.

ఒక స్థాయికి దిగువనున్న శబ్దాన్ని మూసేసే నాయిస్ గేట్‌తో పని కానిచ్చేద్దామనుకునేవాళ్లు ఒక చోట చిక్కుకుంటారు. ఊపిరి చివర్లో కాస్త గట్టిపడుతుంది. గేట్ మొదటి భాగాన్ని మూసి, చివరి ముక్కకు తెరుచుకుంటుంది. మిగిలేది సగం ఊపిరి, అది ఎక్కిళ్లలా వినిపిస్తుంది. గేట్ వాడితే పూర్తిగా మూయనివ్వకుండా 8 లేక 10 డెసిబెల్స్ మాత్రమే దించేలా పరిధి పెట్టాలి. ఒకే మంచి ఊపిరిని కాపీ చేసి అన్ని చోట్లా అతికించడం ఇంకో పొరపాటు. మూడోసారికే చెవి దాన్ని గుర్తుపడుతుంది, ఆ తర్వాత కథ వినదు, ఊపిరి కోసం కాచుకుని కూర్చుంటుంది. ఆడియో పుస్తకాలకు ఏసీఎక్స్ (అమెజాన్‌కు చెందిన ఆడియో పుస్తకాల వేదిక) పెట్టిన కొలతల్లో నేపథ్య రొద మైనస్ 60 డెసిబెల్స్ మించకూడదని ఉంటుంది. దాన్ని చూసి ఊపిర్లన్నీ మైనస్ 60కి దించేసేవాళ్లున్నారు. ఆ కొలత ఎవరూ మాట్లాడని, ఊపిరి తీసుకోని చోట గది రొదకు సంబంధించింది.

ఊపిర్లను తామే పట్టి తగ్గించే ప్లగిన్లకు (ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకు తగిలించే చిన్న ప్రోగ్రాములకు) ఒక బలహీనత ఉంది. ఊపిరి రొదే, ‘స’, ‘శ’, ‘హ’ల్లో ఉన్నదీ రొదే. మీట గట్టిగా తిప్పితే ‘హరి’ కాస్తా ‘అరి’ అవుతాడు, ‘దుఃఖం’లో విసర్గ మాయమవుతుంది, ‘ఖ’ వచ్చి ‘క’ దగ్గర ఆగుతుంది. మన వ్యాకరణం వీటిని అల్పప్రాణాలు, మహాప్రాణాలు అని విడదీసింది ఊపిరి పాలును బట్టే, ఆ పాలునే ప్లగిన్ తినేస్తుంది. వాడుక మాటల్లో మహాప్రాణాలు ఎటూ పల్చబడ్డాయి కాబట్టి కథలో అయితే ఎవరూ పట్టించుకోకపోవచ్చు, పద్యంలోనో స్తోత్రంలోనో వెంటనే దొరికిపోతుంది.

డబ్బింగులో లెక్క తిరగబడుతుంది. తెర మీద నటుడి భుజాలు లేచి, పెదవులు విడివడి, ఛాతీ నిండటం ప్రేక్షకులు చూస్తున్నారు. ఆ క్షణంలో చప్పుడు లేకపోతే తర్వాతి మాట ఎంత చక్కగా పెదవులకు కుదిరినా పైనుంచి అతికించినట్టే ఉంటుంది. అందుకే ఆరితేరిన డబ్బింగ్ కళాకారులు మాటలతో పాటు ఊపిర్లనూ, మూలుగులనూ పలుకుతారు.

ఇక కృత్రిమ గొంతులు. వీటికి నేర్పడానికి వాడే రికార్డింగులు ఎక్కువగా విడివిడి వాక్యాలుగా ఉంటాయి, మొదలూ చివరా కత్తిరించి ఉంటాయి. దాంతో వాక్యానికీ వాక్యానికీ మధ్య మనిషి ఎంత పీలుస్తాడన్న పాఠం యంత్రానికి అందదు. ఊపిర్లను ఉంచేసి, రాతలో మాత్రం వాటికి గుర్తు పెట్టకపోతే ఇంకో గొడవ. యంత్రం ఆ చప్పుడును పక్కనున్న ఏదో అక్షరానికి అంటగట్టుకుని తోచిన చోట వదులుతుంది. దారి ఏమిటంటే ఊపిరిని కూడా ఒక అక్షరంలా రాతలో గుర్తించి నేర్పడం. రాతను మాటగా చదివే అమెజాన్ పాలీ సేవలో ప్రామాణిక గొంతులకు ఊపిరి కోసం విడిగా ట్యాగే ఇచ్చారు, దాని పొడవు, గట్టిదనం మనమే నిర్ణయించవచ్చు. నకిలీ గొంతును పట్టుకోవడానికి శ్వాస లేమిని ఆధారంగా తీసుకున్న పరిశోధనలూ వచ్చాయి. ఊపిరి పెట్టడం నేర్చిన గొంతుల దగ్గర ఆ ఆధారం సడలిపోతుంది.

ఊపిరి పెట్టగానే పని అయిపోదు. తెలుగు గొంతొకటి ఛాతీ నిండా పీల్చి ‘అవును’ అని ఊరుకుంటే ఏమవుతుందో చూడండి. అంత ఊపిరికి తగిన మాట ఇంకా రావలసి ఉందని వినేవాళ్లు ఎదురుచూస్తారు. రాకపోతే ‘అవును’ వెనక ఏదో దాచిందని అనుకుంటారు. సరైన పదం, సరైన ఉచ్చారణ, అయినా ఆ ఒక్క మాట ‘అవును, కానీ...’ లాగా చెవికి చేరుతుంది.